కరెంటు పోయినా మరిచిపోని మెమరీ

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆమెను అందరూ అనుమానాలక్క అనేవారు. రోగుల వివరాలు దాచే డేటాబేసు ఆమె చేతిలోనే ఉంది. ఇంటికి తాళం వేశాక వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూసే మనిషి. ఆమె మాట మీద నమ్మకంతోనే చెల్లెలు కొన్ని నెలలుగా అదే ఆసుపత్రిలో మనసుకు వైద్యం చేయించుకుంటోంది. అత్తింట్లో ఎవరికీ తెలియదు. "నీ సంగతి ఈ గడప దాటితే నన్నడుగు" అని అక్క ఒట్టేసింది.

ఈమధ్య సర్వర్లలో కొత్తరకం మెమరీ పెట్టారు. పాతదైతే కరెంటు తీయగానే అంతా మరిచిపోయేది. కొత్తది రాసింది రాసినట్టే ఉంచుకుంటుంది. కరెంటు పోయి వచ్చినా డేటాబేసు చిటికెలో లేచి కూర్చుంటోందని మేనేజరు మురిసి ముక్కలవుతున్నాడు. ఆమెకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. అదేమిటో అంతుపట్టడం లేదు.

ఆరోజు ఒక మెమరీ కార్డు తప్పులు చూపిస్తోందని కంపెనీ టెక్నీషియన్ వచ్చి మార్చాడు. తీసినదాన్ని ఎప్పట్లాగే సంచిలో పడేసుకున్నాడు. ఆమె కళ్లు సంచి మీదే ఉన్నాయి. అతను లేవగానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దాన్ని ఇక్కడ పెట్టి వెళ్లు బాబూ."

"పాడైపోయింది మేడమ్. ఎప్పుడూ పట్టుకెళ్లేదేగా!"

మేనేజరు తల పట్టుకున్నాడు. "అమ్మా తల్లీ, చెత్త మీద కూడా అనుమానమేనా?"

ఆమె వినిపించుకోలేదు. ఖాళీగా ఉన్న ఇంకో మెషీన్‌లో ఆ కార్డు బిగించి, లోపల ఉన్నదంతా తెర మీదికి తెప్పించింది. పిచ్చి గీతల మధ్య రోగుల పేర్లు, జబ్బులు, మందులు వరసగా దిగాయి. మేనేజరు తెర దగ్గరికి వంగి ఒక్కో పేరూ చదివాడు.

"పోయిన నెల తీసినవి రెండు ఉండాలే, అవేవీ?" అందామె.

టెక్నీషియన్ గుటకలు మింగాడు. "పాత సామాన్ల వాడికి వేసేశాను మేడమ్. ఖాళీవే అనుకున్నాం కదా అందరం."

పోయిన నెల అవి తీసినప్పుడు ఆమె పక్కనే ఉంది. ఇతగాడు స్క్రూలు కొట్టేస్తాడేమోనని సంచి తెరిపించి, స్క్రూలు లేవని చూసుకుని, కార్డులను తన చేత్తోనే మళ్లీ అందులో పెట్టింది.

అంతలో ఫోన్ మోగింది. చెల్లెలు.

"అక్కా, సాయంత్రం డాక్టరు దగ్గరికొస్తున్నా. మా అత్తింట్లో ఎవరికీ తెలీదుగా?"

ఆమె తెర మీది పేర్లను చూస్తూ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"రావే," అంది. "డాక్టరు కంటే ముందు నన్ను కలువు."