మిగిలిన గోలీల డబ్బా

చెంచాలో మాత్రను నలిపినప్పుడు లేచే చేదు పొడి వాసన ఎన్నిసార్లు కడుక్కున్నా నా వేళ్ళను వదలదు. కిష్టారం చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా తిరుగుతూ పసిపిల్లలకు మలేరియా మందు పట్టడమే నా పని. వానలు మొదలైతే ఇంటికి వచ్చాక కూడా అన్నం ముద్దలో అదే వాసన, దానితోపాటే కొంటాలో మా దుకాణం, నాయనమ్మ, ఆమె డబ్బా గుర్తుకొస్తాయి.

మాది ఇప్పపువ్వు, చింతపండు కొని ఉప్పు, నూనె అమ్మే ఇల్లు. ఎండాకాలమంతా బస్తాల్లోంచి పులిసిన తీపి వాసన ఇల్లంతా కమ్ముకునేది, ఆ బస్తాల సందుల్లోనే మా దాగుడుమూతలు, దొరికినప్పుడు తలనిండా దుమ్ము, నాయనమ్మ తిట్లు, ఆ వెంటనే ఆమె కొంగులోంచి బెల్లం ముక్క. నాయనమ్మకు పారెయ్యడం అనే మాటే తెలియదు. పొట్లం విప్పిన దారం ఉండ చుట్టేది, చవితినాడు మిగిలిన ఉండ్రాళ్ళు మర్నాడు పోపులో వేసేది, ఎవరైనా నవ్వితే "గడ్డిపరక గూడ అక్కరకొస్తదే" అనేది. జ్వరం తగ్గాక మిగిలిన మాత్రలన్నీ, ఆమె మాటలో గోలీలన్నీ, పాత టీపొడి డబ్బాలో వేసి దేవుడి గూటి పక్కన పెట్టేది. అడవి పల్లెల నుంచి సంతకొచ్చిన దోర్ల తెగ ఆడవాళ్ళు ఒళ్ళు కాలుతోందంటే అందులోంచి రెండు తీసి చేతిలో పెట్టేది. ఊరంతా ఆమెది చల్లని చెయ్యి అనేవారు, మేమూ గర్వపడేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలం చివర్లో, ఎనిమిది నెలల తమ్ముడికి జ్వరమొచ్చింది. ఆస్పత్రిలో మలేరియా అని మూడు రోజుల మాత్రలిచ్చారు. అమ్మ పాలల్లో నూరి పోస్తే సగం కక్కేవాడు, మళ్ళీ పోసేది. రెండో రోజు సాయంత్రానికి ఒళ్ళు చల్లబడి, వాడు నా జడ పట్టుకుని లాగి నవ్వాడు.

"దిగింది గదా, ఇంకెందుకే ఆ చేదు? పసికడుపు మాడతది," అంది నాయనమ్మ. మూడో రోజు మాత్రలు డబ్బాలోకి వెళ్ళాయి. మర్నాడు వేపాకు నీళ్ళు పోసి దిష్టి తీశారు.

పది పన్నెండు రోజులు వాడు మెత్తగా, పేచీ లేకుండా పడుకునేవాడు. బుద్ధిమంతుడని మురిసిపోయాం, ఎంత తెలివితక్కువవాళ్ళమో. సంతనాడు చింతపండు తెచ్చిన దోర్ల మనిషి భీమె, వాడి గుప్పిట్లో సీతాఫలం గింజ పెట్టి ఆడిద్దామని వేళ్ళు విప్పింది. విప్పి, అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఓ సావుకారమ్మా, పిల్లగాని చెయ్యేంది, ఉప్పు లెక్క తెల్లగున్నది?"

గంటలో జీపెక్కి భద్రాచలం వెళ్ళాం. జ్వరం లోపలే ఉండి రక్తమంతా తినేసిందన్నారు. నాన్న రక్తం గ్రూపు వాడికి సరిపోయింది, తీసి కొద్దికొద్దిగా ఎక్కించారు. మాత్రలు ఎన్ని రోజులు వేశారని డాక్టరు అడిగితే నాయనమ్మే ముందుకొచ్చి చెప్పింది.

"రెండు దినాలకే దిగింది సారూ. మూడో దినంవి పారెయ్యలే, భద్రంగ దాచిన."

డాక్టరు రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది, నాకూ అర్థమైంది. మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. నాన్న రక్తం సీసాలో ఇంకా మిగిలే ఉంది.

ఇంటికొచ్చాక నాయనమ్మ డబ్బా తీసి మాత్రలన్నీ బూడిదగుంటలో పోసింది. ఆమె ఏదైనా పారెయ్యగా చూడటం నాకదే మొదలు. అమ్మగానీ నాన్నగానీ ఆమెను ఒక్క మాట అనలేదు. అననందుకే ఆమె మరింత కుంగిపోయిందనుకుంటాను. ఖాళీ డబ్బా మాత్రం చాలా ఏళ్ళు గూటి పక్కనే ఉంది, అందులో మళ్ళీ ఏమీ వెయ్యలేదు.

ఇప్పుడు దుకాణం లేదు, బస్తాల వాసన లేదు, నాయనమ్మ లేదు, డబ్బా ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. నేనూ అలసిపోయాను. ఏటా అవే వాగులు, అవే జ్వరాలు, అదే మాట చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. అయినా మందిచ్చిన మూడో రోజు ఎంత దూరమైనా నడిచి వెళ్ళి చూసి వస్తాను.

మొన్న ఒక పల్లెలో చంటిపిల్ల తల్లి నవ్వుతూ ఎదురొచ్చింది. కొంగు ముడి విప్పి చివరి మాత్ర చూపించింది.

"జరం దిగింది దీదీ. పెద్దదానికొస్తే అక్కరకొస్తదని దాచిన."

తిట్టాలని నోటిదాకా వచ్చింది, తిట్టలేకపోయాను. పిల్ల గుప్పిట విప్పి చూశాను. అరచెయ్యి ఇంకా ఎర్రగానే ఉంది. అక్కడే చతికిలబడి, చెంచా అడిగి, ఆ మాత్రను నలిపాను.