అత్తగారికి జిరాఫీని చూపించిన వైనం

ఒక మనిషికి ఒక జిరాఫీని చూపించడం ఎంత పని చెప్పండి? జిరాఫీ ఏమైనా చీమా, కంటికి ఆనకపోవడానికి? ఆ పని కోసం నేను విశాఖపట్నం రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి జిరాఫీ కనబడలేదు. రెండోసారి ఎంతవరకు కనబడిందో చివర్లో చెబుతాను. ఈ మధ్యలో నా పరువు ఏ గంగలో కలిసిందో వినండి. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా తెలియని విషయం తెలిసినట్టు మాట్లాడితే, “ఈయన జూకి దారి చెప్పినట్టే ఉంది” అంటారు. అన్నవాళ్ళకి నవ్వు, నాకు మంట.

నాది మండపేట. పంపుసెట్లు, మోటార్లు అమ్మే షాపు ఉంది. మా అత్తవారిది భీమవరం పక్కన ఊరు. మామగారికి రొయ్యల చెరువులు. కొత్త అల్లుడికి మా వైపు జరిగే మర్యాదల గురించి మీరు చాలానే విని ఉంటారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కానీ, మా అత్తగారు వద్దన్నకొద్దీ పెడతారు. అదైనా భరించవచ్చు, మర్నాడు ఓ పూట మానేస్తే సర్దుకుంటుంది. భరించలేనిది ఇంకొకటుంది. ఆ ఇంట్లో అల్లుడి మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. సూర్యుడు ఉత్తరాన ఉదయిస్తాడని నేనంటే, మామగారు “అంతేనండి” అని తన కుర్చీ అటు తిప్పుకుని కూర్చునే రకం. అతి వినయం ధూర్త లక్షణమంటారు. మా మామగారిలో ధూర్తత్వం వెతికినా దొరకదు. ఉన్నదంతా ఆ అతి వినయమే.

పెళ్ళైన ఏడాదిలో ఓ మధ్యాహ్నం భోజనం చేస్తుంటే టీవీలో జిరాఫీ వచ్చింది. అత్తగారు నాకు వద్దన్న అన్నం వడ్డిస్తూ, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

“అంత మెడ ఉంటే, మింగిన ముద్ద కడుపులోకి ఎప్పటికి దిగుతుందంటారు?” అని అడిగారు.

జీవితమంతా మనుషులకు వడ్డించిన ఆవిడకు ఆ సందేహం కాక ఇంకేం వస్తుంది? ఓసారి ఎదురుగా నిలబడి చూడాలని ఉందనీ, ఈ చెరువులతో అది అయ్యే పని కాదనీ అన్నారు. నిజమే. చెరువులో రొయ్య ఉన్నన్నాళ్ళూ మొగుడూ పెళ్ళాం కలిసి ఊరు దాటింది లేదు. కరెంటు పోయి, నీళ్ళలో గాలి పుట్టించే ఏరేటర్లు ఆగాయంటే రొయ్య తేలిపోతుంది. అందుకని ఎప్పుడూ ఒకరు గట్టు మీద ఉండాల్సిందే. ఖాళీ దొరికేది రొయ్యలు పట్టి అమ్మేసే పట్టుబడి పూర్తయ్యాక, చెరువు ఎండబెట్టి మళ్ళీ నీళ్ళు ఎక్కించే లోపు. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళాలి, పళ్ళు పీకించుకోవాలి, దేవుళ్ళకు మొక్కులు తీర్చుకోవాలి. జిరాఫీ వంతు ఎప్పటికి వచ్చేను?

నేను చెయ్యైనా కడుక్కోకుండా మాటిచ్చేశాను. “ఈసారి పట్టుబడి అవగానే నేను తీసుకెళ్తానండి అత్తయ్యగారూ. విశాఖపట్నం నాకు కొట్టిన పిండి.”

ఆ పిండి ఎంత కొట్టానో మీకు మాత్రం చెబుతాను. పదో తరగతిలో స్కూలు వాళ్ళు బస్సులో విహారయాత్రకు తీసుకెళ్ళారు. తుని దాటిన దగ్గర్నుంచి నాకు వాంతులు. జూలో మిగతా పిల్లలు పులుల్నీ ఏనుగుల్నీ చూస్తుంటే, నేను ఓ కుళాయి పక్కన కూర్చుని మొహం కడుక్కుంటూ గడిపాను. ఆ కుళాయి ఎలా ఉంటుందో అడగండి, ఇప్పటికీ బొమ్మ గీసి చూపిస్తాను. మిగతా విశాఖపట్నం గురించి అడక్కండి.

జూ ఏ రోజు తెరిచి ఉంటుందో ఫోన్లో చూడమని నా భార్య శ్రావణి అంది. ఫోన్లో చూసేవాడు అల్లుడెలా అవుతాడు? ఆదివారం జనం తోసుకుంటారు కాబట్టి సోమవారం వెళ్దామని నేనే తేల్చేశాను. “సోమవారమేనా అండి?” అన్నారు మామగారు. అవునన్నాను. “అంతేనండి” అన్నారు. ఆయన అడిగిన ఆ ప్రశ్నను మీరు కాస్త గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

సోమవారం తెల్లవారుజామున నలుగురం కారెక్కాం. అత్తగారి ఒళ్ళో పెద్ద స్టీలు క్యారియర్. పులిహోర, రొయ్యల వేపుడు, బొబ్బట్లు, పెరుగన్నం. నేను డ్రైవింగ్ చేస్తూ దారి పొడుగునా ఊళ్ళ గురించి వివరిస్తూనే ఉన్నాను. ఒక చోట దూరంగా కొండ కనబడితే, అదే సింహాచలం అన్నాను. మామగారు వెంటనే చెప్పులు విప్పి, సీట్లోనే కూర్చుని దణ్ణం పెట్టుకున్నారు. అది సింహాచలం కాదని నాకు తర్వాత తెలిసింది. దణ్ణం పెట్టేటప్పుడే ఆయనకు తెలుసు.

జూ గేటుకు తాళం వేసి ఉంది. సోమవారం సెలవని కాపలాదారు చెప్పాడు. నా మాటలు కోటలు దాటాయి కానీ, కారు మాత్రం జూ గేటు దాటలేదు. ఇదేదో కొత్త రూలై ఉంటుందని నేను గొణుగుతుంటే, మామగారు ఎంతో నెమ్మదిగా, “ఎప్పుడూ ఇంతేనండి. నేను ఇక్కడ చదువుకునే రోజుల్లో కూడా సోమవారమే సెలవు” అన్నారు.

“మీరు ఇక్కడ చదువుకున్నారా?”

“డిగ్రీ మూడేళ్ళూ ఇక్కడేనండి.”

“మరి సోమవారం అన్నప్పుడు చెప్పలేదేంటి మామయ్యగారూ?”

“అడిగాను కదండి, సోమవారమేనా అని. తమరు అవునన్నారు. అంత గట్టిగా చెప్పేసరికి, ఈ మధ్య ఏమైనా మార్చారేమో అనుకున్నాను.”

ఆ మనిషి మీద కోప్పడడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టిన వాడిని తిరిగి తిట్టవచ్చు, మర్యాద చేసిన వాడిని ఏం చేస్తాం? పోయిన పరువు ఎలాగైనా రాబట్టాలని, ఊరి బయట ఉయ్యాలలూ నీళ్ళ ఆటలూ ఉన్న పెద్ద పార్కుకు కారు తిప్పాను. అక్కడ గేటు తెరిచే ఉంది కానీ, బయటి తిండి లోపలికి తీసుకెళ్ళకూడదట. అత్తగారు క్యారియర్‌ని రెండు చేతులతో హత్తుకున్నారు. తిండి పారేసే వంశం కాదు వాళ్ళది. చివరికి పార్కింగులో వేపచెట్టు కింద దుప్పటి పరిచి వడ్డించారు. గేటు దగ్గర మమ్మల్ని ఆపిన కాపలాదారుకు కూడా వడ్డించారు. అతను పులిహోర రెండోసారి వేయించుకుని, రూలు తను పెట్టింది కాదని చెప్పుకున్నాడు.

కడుపులు అలా నింపుకుని లోపలికి వెళ్ళాక, ఎదురుగా పడవలాంటి పెద్ద ఉయ్యాల కనబడింది. ఒకసారి ఇటు ఆకాశంలోకి, ఒకసారి అటు ఆకాశంలోకి. ఏదో మాట వరసకు, ఎక్కుదామా అన్నాను. వద్దంటారని నా ఆశ. మామగారి మొహం పాలిపోయింది, అయినా “అల్లుడుగారి ఇష్టం” అన్నారు. అత్తగారు కొంగు బిగించి, “మీరు ఎక్కితే మేమూ ఎక్కుతామండి” అన్నారు. శ్రావణి మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, తను ఎక్కనంది. ఎవరికీ ఇష్టం లేని ఆ ఉయ్యాలను, ఎవరూ వద్దనలేక, టిక్కెట్టు కొనుక్కుని మరీ ముగ్గురం ఎక్కాం. దిగాక నేను సరాసరి కుళాయి వెతుక్కుంటూ పరిగెత్తాను. రొయ్యలు పడలేదేమోనని అత్తగారు తెగ బాధపడ్డారు.

మర్నాడు కాలవ నీళ్ళు వచ్చే వంతు. చెరువులోకి నీళ్ళు ఎక్కించాలి, ఆగడానికి వీల్లేదు. తిరుగుదారిలో జూ ముందు నుంచే వచ్చాం. ప్రహరీ గోడ మీద ఎవరో జిరాఫీ బొమ్మ వేసి ఉన్నారు. అత్తగారు కారు అద్దం దించి దాన్ని చూసి, “ఇదే చూశాం అనుకుందాం లెండి” అన్నారు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి జిరాఫీని చూపించకపోతే నేను ఆ ఇంట్లో అన్నం తినకూడదని అప్పుడే అనుకున్నాను. అది నావల్ల కాదనుకోండి, వాళ్ళు ఊరుకోరు.

మళ్ళీ పట్టుబడి అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఈసారి నా పద్ధతి మార్చుకున్నాను. ఒక్క మాట కూడా నోరు జారకూడదు. ఊరు తెలిసిన పెద్దాయన ఉండగా నాకెందుకు పెద్దరికం? అంతా ఆయన వెనకే నడవాలి. బుధవారం తెరిచే ఉంటుందని ఫోన్లో చూసి, ఆ ఫోను జేబులో పడేసి, మళ్ళీ తియ్యలేదు. శ్రావణి రానంది. “మీ ముగ్గురి మర్యాదల మధ్య నేను నలగలేను. ఆ జిరాఫీ ఏమైనా మీకు మేనత్తా? సూటిగా వెళ్ళి చూసి రండి” అని పంపించింది.

సూటిగా వెళ్ళనిస్తే కదా. అనకాపల్లిలో మామగారి పాత స్నేహితుడు టిఫిను తినందే కదలనివ్వలేదు. టిఫిను తిన్నాక, భోజనం చేయందే కదలనివ్వలేదు. మేం ముగ్గురం ఉన్నాం, వద్దనే నోరు ఒక్కటీ లేదు. జూలో అడుగు పెట్టేసరికి ఎండ వాలుతోంది.

గేటు దాటి కొంచెం నడవగానే దారి రెండుగా చీలింది. మధ్యలో ఓ బోర్డు. దాని మీద జిరాఫీ బొమ్మ, ఆ బొమ్మ పక్కనే కుడి వైపుకు బాణం. అక్షరం ముక్క రాని వాడికి కూడా అర్థమయ్యే బోర్డు. మామగారు దాని ముందు ఆగి, నా కోసం దారి వదిలి, “పదండి అల్లుడుగారూ” అన్నారు. పెద్దాయన కంటే ముందు నడవడం ఏం బాగుంటుంది? నేను ఎడమ పక్కకు తప్పుకుని, “మీరు పదండి మామయ్యగారూ” అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, ఎడమ వైపుకే నడిచారు.

బాణం కుడికి ఉంది కదా అని నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. మూడేళ్ళు చదువుకున్న మనిషి, అడ్డదారి తెలిసే ఉంటుందనుకున్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ రోజు వచ్చిన జనమంతా కుడి దారి పట్టారు. మేం ముగ్గురం ఉలిపికట్టెల్లా ఎడమకు పోయాం. జింకలు వచ్చాయి, కోతులు వచ్చాయి, మా ఊరి రైసుమిల్లు వెనక తిరిగే కొంగల్లాంటివే ఏవో కొంగలు వచ్చాయి. మామగారు మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్ను చూసేవారు. నేను అభయమిస్తున్నట్టు తలూపేవాడిని. ఆయన ఇంకా ఉత్సాహంగా నడిచేవారు. చివరికి దారి అయిపోయింది. ఎదురుగా గోడ, గోడ పక్కన కుళాయి. చూడగానే గుర్తుపట్టాను. పదో తరగతిలో నన్ను కాపాడిన కుళాయి అదే.

అప్పుడే ఈల వినబడింది. మూసే వేళైందని ఎక్కడో కేకేస్తున్నారు.

ఇక ఉండబట్టలేక, “జిరాఫీ ఇటేనా మామయ్యగారూ?” అని అడిగాను.

ఆయన బిత్తరపోయారు. “మీరే కదండి ఇటు జరిగారు? బాణం అటుంటే అల్లుడుగారు ఇటు అడుగేశారు, ఫోన్లో చూసుకుని వచ్చి ఉంటారనుకున్నాను. అందుకే వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా మీరు తలూపుతుంటే ధైర్యంగా నడిచాను.”

“నేను మీకు దారి ఇచ్చానండి!”

“నేను మీ దారే పట్టానండి.”

మేమిద్దరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ కుళాయి గట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నారు. బోర్డు తను కూడా చూశానన్నారు. మగవాళ్ళు ఇద్దరూ చూసి కూడా ఇటొచ్చారంటే ఏదో కారణం ఉంటుందని ఊరుకున్నారట. మౌనం అర్ధాంగీకారమన్నవాడెవడో మా అత్తవారింటికి అల్లుడిగా రాలేదు. వచ్చి ఉంటే పూర్తి అంగీకారం అని రాసేవాడు.

మామగారు గొంతు సవరించుకుని, “అయితే ఇప్పుడు ఎటు వెళ్దామంటారు అల్లుడుగారూ?” అన్నారు. “మీరెటంటే అటే మామయ్యగారూ” అని నా నోరు దానంతట అది అనేసింది.

అత్తగారు లేచి నిలబడ్డారు. పెళ్ళైన దగ్గర్నుంచి నన్ను మీరనే తప్ప ఇంకో మాట అనని మనిషి. “నువ్వు నోరు మూసుకో. మీరూ మూసుకోండి. ఇద్దరూ నా వెనక రండి” అని కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వచ్చిన దారిన నడక మొదలుపెట్టారు. నడకంటే నడక కాదది. గట్టు తెగిందని కబురొస్తే చెరువు దగ్గరకు వెళ్ళే నడక. ఈల ఊదే ఉద్యోగి అడ్డం వస్తే, ఆవిడ ఆగకుండానే, “నాయనా, ఏడాది నుంచి దీనికోసం తిరుగుతున్నాను, ఒక్క ముద్ద మింగేదాకా చూసి వెళ్ళిపోతాను” అన్నారు. అతనికి ఏం అర్థమైందో కానీ పక్కకు తప్పుకున్నాడు. అతను ఏ పక్కకు తప్పుకున్నదీ ఆవిడ చూడలేదు.

మేం చేరేసరికి జిరాఫీని లోపలికి తోలేశారు. మిగిలింది గోడ పైనుంచి కనబడే తల, సగం మెడ. అది మేం వచ్చినట్టు కూడా గమనించకుండా నెమరేస్తోంది. చూస్తుండగా మెడ లోపల ఒక ఉండ, కింద నుంచి పైకి ఎక్కింది. నమిలింది. మళ్ళీ ఆ ఉండ జరజరా కిందకు దిగిపోయింది. అత్తగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ ముద్ద దిగినంత మేరా కళ్ళు దించారు. ఆవిడ మొహంలో ఆ వెలుగు చూస్తే, నేను పడ్డ అవమానాలన్నీ గాలికి పోయాయనిపించింది.

తర్వాత ఆవిడ మా ఇద్దరి వైపు తిరిగారు.

“ఏదో అనుకున్నాను కానీ, దాని మెడలో ముద్ద త్వరగానే దిగుతోంది. మీ ఇద్దరి గొంతులోంచి మాట బయటికి రావడానికే ఏడాది పట్టింది.”

మామగారు “అంతేనండి” అన్నారు. ఆ ఒక్కసారికి నేను కూడా అదే అన్నాను.

బయటికొచ్చాక, ముందు సీట్లో మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని మామగారూ నేనూ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాం. స్టీరింగ్ దగ్గర కూర్చోవాల్సింది నేనే అన్న సంగతి కూడా మర్చిపోయాను. తిరిగి చూస్తే ముందు సీట్లో అత్తగారు అప్పటికే కూర్చుని, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, “ఎక్కుతావా, నన్నే నడపమంటావా?” అన్నారు.

కనుక, అఖండ గోదావరి సాక్షిగా, మా షాపులోని సమస్త పంపుసెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో, రెండు దారులు చీలిన చోట, ఎంతటి పెద్దవారు ఎదురైనా సరే, మర్యాదకు పక్కకు తప్పుకోను. తప్పుకోవాల్సి వస్తే, ముందు బాణం ఎటుందో చూసుకుని అటే తప్పుకుంటాను.