బాస్కెట్‌బాల్ నేలకి నీళ్లు కట్టిన వైనం

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. నా చేతికి చీమనిస్తే, తిరిగిచ్చేటప్పుడు దానికి తొండం ఉంటుంది, దంతాలుంటాయి, పైన అంబారీ కూడా ఉంటుంది. కాబట్టి ఇది చదివేటప్పుడు చలి, మనుషుల పొడవులు, అరుపుల తీవ్రత వగైరాల్లో మీకు తోచినంత తరుగు తీసుకోండి. కానీ కెనడాలో, నడిచలికాలంలో, ఒక కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీము ఏడాదిగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న ప్రాక్టీసు హాలుని నేను ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క రబ్బరు గొట్టంతో సర్వనాశనం చేశానే, అందులో మాత్రం తరుగుకి చోటు లేదు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. హామిల్టన్ వచ్చి ఏడాదిన్నర. సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీని ట్రంకుపెట్టెలో పెట్టి, ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు అంటించేవాణ్ణి. ఎక్కడ అప్లై చేసినా ఒకటే ప్రశ్న: "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" ఉద్యోగమిస్తేనే కదా నాయనా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది! చివరికి ఆ కాలేజీ హాలు కడుతున్న కంపెనీ నన్ను మూడు నెలల ప్రొబేషన్ మీద తీసుకుంది. బాగా చేస్తే పర్మనెంటు, చేయకపోతే మళ్లీ టేపు. ఈ కథ జరిగేనాటికి ప్రొబేషన్ ఇంకా రెండు వారాలుంది.

సైటు మొత్తానికీ పెద్ద, గోర్డ్ అనే సూపరింటెండెంట్. ఏడున్నర అడుగుల మనిషి (తరుగు తీస్తే ఆరు). ఆయన మీసాలకి మంచుకడ్డీలు వేలాడుతుంటే, మాట్లాడినప్పుడల్లా పెళ్లిమండపంలో షాండ్లియర్ ఊగినట్టు గలగలలాడేవి. ఆయన ఇంగ్లీషులో అన్నవన్నీ ఇక్కడ తెలుగులోకి దించుతున్నాను. కొన్ని దిగలేదు. అవి పత్రికలో అచ్చుకి పనికిరావు కూడా.

ఆ హాలు ఆలస్యాల సంగతి చెప్పాలంటే ఇంకో పుస్తకం రాయాలి. శరత్కాలంలో వానలు. వానలయ్యాక ఇనుము రాలేదు. ఇనుము వచ్చేసరికి మంచు. మంచు ఆగితే గాలి. గాలి ఆగితే క్రేను ఇంజను బిగుసుకుపోయి, దాన్ని లేపడానికే రెండు రోజులు. ఆఫీసుగా వాడే ట్రైలర్లో గోడ మీద పని పట్టిక ఒకటుండేది. దాన్లో 'పూర్తయ్యే తేదీ' అన్నచోట తెల్ల ఇంకు పూసి కొత్త తేదీ, మళ్లీ పూసి మళ్లీ కొత్త తేదీ. ఆ పూతలన్నీ కలిసి గోడలోంచి ఎంత ముందుకి పొడుచుకొచ్చాయంటే, నేను దానికి నా టోపీ తగిలించుకునేవాణ్ణి.

టీము కోచ్ మరీన్ రోజూ ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ చేసేది.

"హాలు ఎప్పుడిస్తారు?"

"త్వరలో మేడమ్."

"మీ త్వరలో ఏ సంవత్సరంలో వస్తుంది? నా పిల్లలు తెల్లారకముందే లేచి, బస్సెక్కి, ఊరవతల స్కూల్లో ప్రాక్టీసు చేస్తున్నారు. ఒకమ్మాయి నిన్న ఫ్రీ త్రో వేస్తూ నిద్రపోయింది. బంతి బుట్టలో పడింది, పిల్ల లేవలేదు."

అలాంటి పరిస్థితిలో ఎట్టకేలకు ఒక బుధవారం నాడు నేల స్లాబు పోశాం. పైకప్పు సగమే వచ్చింది కాబట్టి చుట్టూ, పైనా టార్పాలిన్లతో గుడారం వేశారు. లోపల విమానం ఇంజన్లంత హీటర్లు పెట్టారు. స్లాబు మీద మందపాటి దుప్పట్లు కప్పారు. శుక్రవారం సాయంత్రం గోర్డ్ గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పట్టుకోవడానికి బయలుదేరుతూ నన్ను పిలిచాడు.

"వీకెండ్ సైటు నీది. రోజుకోసారి వెళ్లి హీటర్లు తిరుగుతున్నాయా లేదా చూడు. అంతే. దేన్నీ ముట్టుకోకు."

"దేన్నీ అంటే?"

"దేన్నీ అంటే దేన్నీ. చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లు, జేబుల్లోనే పెట్టుకుని రా."

ఆయన అటు వెళ్లగానే మరీన్ మేడమ్ ఫోను. ఉత్సాహం ఆపుకోలేక, "సోమవారం దుప్పట్లు తీసేస్తాం మేడమ్, మీ టీముని తీసుకుని రండి, నేల చూపిస్తాను," అనేశాను. ఆమె గొంతులో నవ్వు నేను మొదటిసారి విన్నది అప్పుడే. చివరిసారి కూడా.

అప్పట్లో నేను జీవరత్నం అంకుల్ గారింట్లో, కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. అంకుల్ గారిది కాకినాడ వైపు. ముప్పయ్యేళ్లు సర్కారు ఇంజనీరుగా వంతెనలు కట్టించి, రిటైరయ్యి, కూతురి దగ్గరికొచ్చి పదేళ్లయింది. చర్చిలో పెద్ద. అబద్ధమాడటం మాట అటుంచి, "బావున్నారా?" అంటే నిజంగా మోకాలు నొప్పి ఎంతుందో వివరంగా చెప్పే మనిషి. ఆ శుక్రవారం ఆంటీ చేపల పులుసు తినడానికి పైకి పిలిచారు. అక్కడే జరిగింది నా పతనానికి శంకుస్థాపన.

"స్లాబు పోసి రెండు రోజులైంది కదా," అన్నారు అంకుల్, ముల్లు తీసుకుంటూ. "చుక్క నీళ్లు లేకుండా పొడిగా వదిలేశారు!"

"ఇక్కడ దుప్పట్లు కప్పి హీటరు పెడతారండి," అన్నాను.

"దుప్పట్లేంటి? కాంక్రీటుకేమన్నా జలుబు చేసిందా? స్లాబు పోస్తే నీళ్లు కట్టాలి. చుట్టూ ఇసకతో గట్లు పోసి, మళ్లు చేసి, నిండా నీళ్లు నిలబెట్టాలి. వారం తిరిగేసరికి ఇనుములా తయారవ్వదూ!"

"సూపరింటెండెంట్ ముట్టుకోవద్దన్నాడుగా?"

"ఆయన చేపలకి పోయాడు. వచ్చి చూసి మెచ్చుకుంటాడు."

"ఇది చలిదేశం కదండీ..."

"కాంక్రీటు ఏ దేశంలోనైనా కాంక్రీటే!"

వాదన అక్కడితో ఆగింది, ఎందుకంటే పులుసులో ఒక్క ముక్కే మిగిలింది.

మీలో ఇల్లు కట్టించినవాళ్లకి నా మనసు అర్థమవుతుంది. మన దగ్గర స్లాబు పోసిన మర్నాడు దాని మీద నీళ్లు కనిపించకపోతే ఇంటావిడ మేస్త్రిని నిలబెట్టి కడిగేస్తుంది. నా చిన్నప్పుడు మా మేడ మీద నిలబెట్టిన నీళ్లలో నేను కాగితప్పడవలు వదిలాను. నీళ్లులేని స్లాబంటే నా కళ్లకి పాలందని పసిబిడ్డ. శనివారం మధ్యాహ్నం గుడారంలోకి వెళ్లి చూస్తే, ఆ బిడ్డ దుప్పటి కింద దాహంతో అలమటిస్తోంది. చేతులు జేబుల్లోంచి వాటంతటవే బయటికొచ్చాయి.

ముందు దుప్పట్లన్నీ లాగేశాను. దుప్పటి ఉంటే నీళ్లెలా తగులుతాయి? మెట్ల మీద జారకుండా చల్లడానికి తెచ్చిన ఇసక బస్తాలు విప్పి, నాలుగు వైపులా గట్లు పోశాను. మధ్యలో అడ్డంగా, నిలువుగా గట్లు వేసి చక్కగా మళ్లు చేశాను. పక్క బిల్డింగులో మేం వాడుకునే బాత్రూం కుళాయికి గొట్టం తగిలించి నీళ్లు వదిలాను. రెండు గంటల్లో కోనసీమ ప్రత్యక్షమైంది. నారు పోయడమే తరువాయి.

అంతా చేశాక ఒక అనుమానం వచ్చింది. ఈ హీటర్లు ఇలా వేడిగాలి కొడుతుంటే నా నీళ్లు ఆరిపోవూ?

అందుకని హీటర్లు ఆపేశాను.

కాస్త ఆగండి, మీరు తల బాదుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. బయట మైనస్ ఇరవై రెండు. నేను నా నీళ్లని వేడి నుంచి కాపాడాను. ఇంటికెళ్లి, గొప్ప పని చేసినవాడు పడుకునే తీరులో వెల్లకిలా పడుకున్నాను. ఆదివారం మళ్లీ వెళ్లి చూడలేదు. నీళ్లు నిండుగా ఉన్నాయిగా, ఇంకేం చూడాలి?

సోమవారం ఉదయం నేనూ గోర్డూ ఒకేసారి గేటు దగ్గర దిగాం. గుడారంలోంచి కేకలు, చప్పట్లు, కర్రల టకటకలు వినిపించాయి.

"లోపల ఎవరున్నారు?" అన్నాడు గోర్డ్.

"ఎవరూ ఉండకూడదే," అన్నాను.

టార్పాలిన్ తొలగించి చూశాం. ఇద్దరం నిలబడిపోయాం. నా కోనసీమ అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఇరవైమంది కాలేజీ కుర్రాళ్లు స్కేట్లు కట్టుకుని హాకీ ఆడుతున్నారు. నా గట్ల ఇసకని ఎప్పుడో ఊడ్చేసి, బకెట్లతో నీళ్లు పోసి నున్నగా చేసుకున్నారు. ఒక గోల్‌పోస్టుకి మా కాంక్రీటు దుప్పటి కట్టారు. ఒకడు రయ్యిన వచ్చి మా ముందాగి, గోర్డ్‌ని చూసి, "సార్, ఈ రింకు ఎన్నింటిదాకా తెరిచుంటుంది? టౌన్లో ఇంత మంచి ఐసు లేదు!" అన్నాడు.

గోర్డ్ మీసాల్లో షాండ్లియర్ ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే వెనకనించి మరీన్ మేడమ్ వచ్చింది. ఆమె వెనక పన్నెండుమంది తాటిచెట్లంత అమ్మాయిలు. అందరూ కొత్త బూట్లు వేసుకుని, ముస్తాబై వచ్చారు. ముందున్న అమ్మాయి సంతోషం పట్టలేక చేతిలోని బంతిని ఒక్కసారి నేలకేసి కొట్టింది. అది ఒక్క గెంతు గెంతి, ఆ పైన ఆగకుండా జారుకుంటూ జారుకుంటూ అవతలి గోలులోకి వెళ్లింది. హాకీ కుర్రాళ్లు "గోల్!" అని అరిచారు.

"ఇది బాస్కెట్‌బాల్ హాలే కదా?" అంది మేడమ్, చాలా నెమ్మదిగా. నేను గోర్డ్ వెనక్కి జరిగాను.

గోర్డ్ నన్ను ట్రైలర్లోకి తీసుకెళ్లి తలుపేశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కుర్చీ చూపించాడు.

"ఒకే ఒక్క ప్రశ్న. ఆలోచించి జవాబు చెప్పు. ఇది నీ సొంత తెలివా, లేక ఎవరైనా చెప్తే చేశావా?"

"ఎందుకు అడుగుతున్నారు?"

"ఎవరో చెప్తే చేసినవాడు వట్టి అమాయకుడు. వాణ్ణి పక్కన పెట్టుకుని నేర్పించొచ్చు. సొంతంగా ఇంత చేసినవాడు ప్రమాదం. వాడు హెల్మెట్ ఇక్కడ పెట్టి ఇంటికెళ్లాలి."

కళ్లముందు అట్టపెట్టెలు కనిపించాయి. టేపు చింపే కిర్రుమనే చప్పుడు కూడా వినిపించింది.

"ఒక పెద్ద ఇంజనీరు చెప్పారు సార్. వంతెనలు కట్టించిన ముప్పయ్యేళ్ల ఎక్స్‌పీరియన్స్. మా ఇంటాయనే."

"నంబరియ్యి."

గోర్డ్ స్పీకర్లో పెట్టి డయల్ చేశాడు. నాలుగు రింగులకి అంకుల్ ఎత్తారు. గోర్డ్ తనెవరో చెప్పి, జరిగిందంతా చెప్పి, అడిగాడు: "సార్, స్లాబు మీద నీళ్లు పెట్టమని ఈ మనిషికి మీరు చెప్పారా?"

గోడ గడియారం అయిదుసార్లు టిక్కుమంది. తర్వాత అంకుల్ గొంతు సవరించుకున్నారు.

"అవును. నేనే చెప్పాను."

"హీటర్లు ఆపమని కూడానా?"

ఇంకో మూడు టిక్కులు.

"...అది కూడా నేనే."

గోర్డ్ ఫోన్ పెట్టేశాడు. "దేవుడా, ఆ వంతెనల మీద జనం ఇంకా తిరుగుతున్నారా?" అన్నాడు. ఉద్యోగం నిలబడింది. శిక్షగా పని పూర్తయ్యేదాకా ప్రతి శుక్రవారం కొత్త తేదీని మరీన్ మేడమ్‌కి నేనే స్వయంగా, ఎదురుగా నిలబడి చెప్పాలన్నాడు. ఐసు కరగడానికి వారం పట్టింది. దాంతోపాటు స్లాబు పైపొర అప్పడాల్లా లేచిపోయింది. అదంతా గీకి, వసంతంలో మళ్లీ పోశాం. మొత్తం పదమూడు శుక్రవారాలు. మేడమ్ ఒక్కసారి కూడా కూర్చోమనలేదు.

ఇక మొదట్లోనే ఒప్పేసుకున్నాను కాబట్టి, ఏది కల్పించానో కూడా చెప్పాలి. హాకీ కుర్రాళ్లనుకుంటున్నారా? కాదు, వాళ్లు నిజం. బంతి గోల్ కావడం? అదీ నిజమే. ఫోన్ మాట్లాడేటప్పుడు గడియారం టిక్కులు? అవి నేను లెక్కపెట్టుకున్నాను.

నేను కల్పించింది చేపల పులుసు దగ్గరి సంభాషణ. 'అండీ'లు తప్ప అందులో మాటలన్నీ అక్షరాలా నిజం. ఎవరు ఏది అన్నారన్నది మాత్రమే మార్చాను. "కాంక్రీటుకేమన్నా జలుబు చేసిందా" అన్నది నేను. "ఇక్కడ దుప్పట్లు కప్పి హీటరు పెడతారు, ముట్టుకోవద్దన్నాడుగా, ఇది చలిదేశం కదా" అని బతిమాలుకున్నది అంకుల్.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికెళ్లి ఆయన ముందు తలొంచుకుని నిలబడ్డాను. "చర్చి పెద్ద అయ్యుండి ఎందుకంత అబద్ధమాడారు అంకుల్?"

"ఏం చెయ్యమంటావురా అబ్బాయ్?" అన్నారాయన. "చెప్పలేదంటే నీ ఉద్యోగం పోతుంది. చెప్పానంటే నా పరువు పోతుంది. నా పరువు రిటైరైపోయి ఇంట్లో ఖాళీగా కూర్చుంది. దానికా మాత్రం పని చెప్తే తప్పేంటి? కానీ ఒక్క మాట. ఇంకెప్పుడూ, ఎక్కడా ఈ కథలో నా పేరు వాడకు."

అందుచేత, పాఠకులారా, మీ అందరి సాక్షిగా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: గడ్డకట్టే చలిలో నేను ఏ నేలకీ, ఏ గోడకీ, ఆఖరికి పూలకుండీకైనా పెద్దల మాట వినకుండా చుక్క నీరు పోయను. అంకుల్ మీద నింద వేసి ఈ కథ చెప్పడం కూడా ఇదే ఆఖరిసారి. అయితే వచ్చే శనివారం మనవరాలి పుట్టినరోజుకి ఆయన నలభైమందిని పిలిచారు. భోజనాలయ్యాక ఈ కథ చెప్పమని, పేరు మార్చకుండా చెప్పమని, ఆయనే ఫోన్ చేసి మరీ అడిగారు. కాబట్టి ప్రమాణం ఆదివారం నుంచి అమల్లోకి వస్తుంది.