గ్రేస్ గారు మళ్ళీ తిట్టిన రోజు

ఎనభైల మొదట్లో, ఒక సెప్టెంబరు నెలలో, డెట్రాయిట్ శివార్లలోని ఒక పెద్ద ఆసుపత్రిలో సైకియాట్రిస్టుగా చేరాను. నాది కన్సల్టేషన్ డ్యూటీ. అంటే ఆపరేషన్‌కో, గుండె జబ్బుకో, కేన్సర్‌కో చికిత్స పొందుతున్నవాళ్ళను వాళ్ళ డాక్టరు పిలిస్తే వెళ్ళి చూడటం. పిలవకుండా వెళ్ళే హక్కు మాకు లేదు. కేన్సర్ విభాగం నుంచి పిలుపులు దాదాపు వచ్చేవి కావు. ఆ విభాగం పెద్ద డాక్టర్ మిల్లర్ చాలా మంచి మనిషి, కానీ కేన్సర్ వచ్చిన ఆడమనిషి దిగులుపడక నవ్వుతుందా అనేవారు. అప్పట్లో చాలామంది డాక్టర్ల అభిప్రాయం అదే.

అక్టోబరు చివర్లో ఆయనే ఫోన్ చేశారు. సైకియాట్రిస్టుగా కాదు, తెలుగు తెలిసిన మనిషిగా పిలిచారు. గ్రేస్ గారిది తెనాలి. వయసు నలభై దాటింది. రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్ అయింది, కీమోథెరపీ సగంలో ఉంది, మిగతాది వద్దంటున్నారు. ఆమె భాషలో నచ్చజెప్పమని మిల్లర్ గారి కోరిక. తీరా వెళ్తే ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆ నెలలో ఏ భాషలోనూ మాట్లాడటం లేదు, అంతే.

గది బయట ఆమె భర్త దానం గారు నిలబడి ఉన్నారు. కార్ల కంపెనీలో ఇంజనీరు.

"నన్ను తిట్టడం మానేసిందండీ," అన్నారు. "పెళ్ళయినప్పటినుంచీ తిట్టని రోజు లేదు. కార్ కాస్త స్పీడ్‌గా డ్రైవ్ చేస్తే తిట్టేది, కాఫీలో షుగర్ ఎక్కువేసుకుంటే తిట్టేది. ఇప్పుడు ఏం చేసినా 'సరే' అంటోంది. ఆ 'సరే' వింటే భయమేస్తోంది."

మామూలుగా డిప్రెషన్‌ని పోల్చుకోవడానికి నిద్ర, ఆకలి, నీరసం గురించి అడుగుతాం. కీమో తీసుకునేవాళ్ళ దగ్గర అవి పనికిరావు, ఆ మందే అవన్నీ తెస్తుంది. అందుకని వేరే సంగతులు అడగాలి. దేనిలోనైనా సంతోషం మిగిలిందా? తన మీద తనకు ఏమనిపిస్తోంది? ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా అయిందా?

గ్రేస్ గారు ఆదివారం తెలుగు ఆరాధనలో పాటలు నడిపించేవారట. ఇప్పుడు పాట వింటే ఎలా ఉంటోందని అడిగాను.

"చప్పుడులా ఉంటోంది డాక్టరమ్మా," అన్నారు గోడవైపే చూస్తూ. "నా విశ్వాసం చాలలేదు. అందుకే ఇలా అయ్యాను. నాకు మందులు దండగ."

చనిపోవాలని ఉందా అని సూటిగా అడిగాను. అడగడానికి కొత్త డాక్టర్లు జంకుతారు గానీ, అడగాలి. ప్రాణం తీసుకోవాలని లేదు, తెల్లారకపోతే బాగుండుననిపిస్తుంది అన్నారు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఉందా?"

"రెండోవాడు పుట్టినప్పుడు. వాడు ఏడుస్తున్నా ఎత్తుకోబుద్ధయ్యేది కాదు. బాలింత నీరసం అంది మా అమ్మ. కొన్ని నెలలకి అదే పోయింది."

"అప్పుడు కేన్సర్ ఉందా?"

మొదటిసారి నావైపు తిరిగారు. "లేదు."

"విశ్వాసం?"

"ఉంది."

"అయితే ఇది కేన్సరూ కాదు, విశ్వాసం తగ్గడమూ కాదండీ. దీని పేరు వేరు, దీని మందు వేరు."

ఆ మందు వేసుకోవడానికి ఒప్పుకున్నారు, కీమోకి మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటి 'వద్దు'ని చివరి మాటగా తీసుకోకండి, మందు పనిచేశాక మళ్ళీ అడుగుదాం అని మిల్లర్ గారిని బతిమాలాను. ఎక్కువకాలం ఆగితే కీమో ఫలితం దెబ్బతింటుందని ఆయన అన్నదీ నిజమే. ఆ మందు గుండె లయను మార్చగలదు కాబట్టి ముందు ఈసీజీ తీయించి, పడుకునే ముందు చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. ఆనాటి మాత్రలు మొదటి రోజుల్లో నోరెండబెట్టడం తప్ప ఏమీ చేసేవి కావు. గుణం కనపడటానికి వారాలు పట్టేది. ఆ వారాల్లో మిల్లర్ గారు ఎదురొస్తే నేను పక్క వరండాలోకి మళ్ళేదాన్ని.

నవంబరు చివర్లో మంచు పడుతున్న ఒక ఉదయం, వాళ్ళింటి నుంచి క్లినిక్‌కి ఫోన్.

"డాక్టర్ గారూ, తిట్టింది!" దానం గారు అరుస్తున్నారు. పప్పులో కారం అనుకుని దాల్చినచెక్క పొడి వేశారట. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మీ ఇంజనీరింగ్ కార్లకేగానీ కందిపప్పుకి పనికిరాదు, లేవండి అవతలికి" అని స్వయంగా వెళ్ళి పోపు పెట్టుకున్నారట. చెబుతూ ఆయన ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. నేను నవ్విన నవ్వుకి పక్కగది సెక్రటరీ పరిగెత్తుకొచ్చింది.

ఆ వారమే గ్రేస్ గారు వచ్చి కూర్చుని, "ఇన్నాళ్ళూ వద్దన్నది నేను కాదు డాక్టరమ్మా, ఆ దిగులు. మిగతా కీమో ఎప్పుడో కనుక్కోండి," అన్నారు. అంతా పూర్తిచేశారు. వాంతులు తప్పలేదు. పరీక్ష చేసే చేతులు ఐసుగడ్డల్లా ఉన్నాయని మిల్లర్ గారినీ తిట్టకుండా వదల్లేదు.

ఈస్టర్ ఆరాధనకి నన్నూ మిల్లర్ గారినీ పిలిచారు. తలకి పూల రుమాలు కట్టుకుని పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో మిల్లర్ గారు తాళం తప్పి చప్పట్లు కొడుతుంటే, ఆవిడ పాడుతూనే కళ్ళురిమి చూశారు. హాలంతా నవ్వింది. భోజనాల్లో ఆయన గోంగూర మూడోసారి వడ్డించుకుని, చికిత్స మొదలుపెట్టే ప్రతి ఆడమనిషినీ మొదటిరోజే నువ్వు చూడగలవా అని అడిగారు. కొద్దికాలానికే ఆ పని నా ఒక్కదానివల్ల కాక, ఇంకో డాక్టరును వేయించుకోవలసి వచ్చింది.

దిగులుకు కారణం కనపడుతోంది కాబట్టి వైద్యం అక్కర్లేదనుకోవడం పొరపాటని ఆ కేసు నాకు నేర్పింది. తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతి డాక్టరుకీ అదే చెప్పాను. కారు గుద్దితే కాలు విరగడం సహజమే. అయినా కట్టు కడతాం.