ఏ గది ముందు మూయాలి

ఆ పరిశోధనాలయంలో ఆయన్ని అందరూ పురుగుల బాబాయ్ అనేవారు. పంటను తినేసే ఒక జాతి పురుగుల్ని ఇరవై ఆరేళ్లుగా ఒకే గదిలో, తరం తర్వాత తరం, తెగకుండా పెంచుకొస్తున్నాడు. కొత్త మందు ఏది తయారైనా ముందు ఆ పురుగుల మీదే పరీక్షించాలి. వాటికి ఆదివారాల్లేవు కాబట్టి బాబాయ్‌కీ లేవు. పెళ్లి చేసుకోమని అక్క మాట ఎత్తినప్పుడల్లా "గుడ్లు పొదిగే సమయమక్కా" అని దాటేసేవాడు. చివరికి ఆవిడా ఎత్తడం మానేసింది.

ఆ ఏడు ప్రభుత్వ గ్రాంటులో మూడో వంతు కోత పడొచ్చని కబురొచ్చింది. డైరెక్టరు మేడమ్ ఆయన్ని పిలిచింది.

"బాబాయ్‌గారూ, ప్రతి గదికీ వెళ్లి అడగండి. ఈ పని నెల ఆగితే ఏమవుతుంది, ఏడాది ఆగితే ఏమవుతుంది? మళ్లీ మొదలెట్టగలిగేవి వేరు, పోతే తిరిగిరానివి వేరు. కోత పడ్డాక తన్నుకులాడటం కంటే ముందే తెలుసుకుందాం."

"నేనెందుకు మేడమ్? పెద్ద పెద్ద సైంటిస్టులున్నారు."

"ఎవరి గది వాళ్లకి ముద్దు. మీరైతే అందరికీ కావాల్సినవారు."

ఆ మాట ఆ రోజు వరకే నిజం. నోటుపుస్తకంతో ఆయన గుమ్మంలో కనబడగానే నవ్వులాట ఆగిపోయేది. విత్తనాల శీతల గది ఆవిడ, నిన్నటిదాకా "బాబాయ్, టీ తాగు" అని వెంటపడ్డ మనిషి, "మా గది ఆగితే అంతా బూడిదే, రాసుకోండి" అని 'అండీ'ల్లోకి దిగిపోయింది. మట్టి పరీక్షలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పన్నెండేళ్లుగా అదే పొలంలో మట్టి తీస్తున్నాను బాబాయ్. ఒక్క ఏడు తప్పితే ఆ ఖాళీ ఎప్పటికీ పూడదు." ఆయన చెప్పిందీ నిజమే, ఆవిడ చెప్పిందీ నిజమే. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర బాబాయ్ కూర్చోగానే ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవారు. రెండు వారాలు చూసి, డబ్బా తీసుకుపోయి పురుగుల మధ్యే తినడం మొదలెట్టాడు.

అన్నీ అయ్యాక తన గది మిగిలింది. 'మేత ఆగితే పది రోజుల్లో వంశం అంతరిస్తుంది' అని రాస్తే కాదనేవాళ్లు లేరు. కానీ తొమ్మిదేళ్ల క్రితం వేరే ఊరి సంస్థ అడిగితే గుడ్లు పంపింది తనే. ఆ సంతతి అక్కడ నిక్షేపంగా ఉంది. ఆ సంగతి ఈ భవనంలో ఇంకెవరికీ గుర్తులేదు. ఉన్నదున్నట్టు రాశాడు.

మేడమ్ ఆ పేజీ దగ్గర ఆగింది. "మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు కదా?"

"కాదు మేడమ్."

"మరి?"

"అందర్నీ నిజం చెప్పమని అడిగొచ్చాను. నేనొక్కణ్ణీ ఎలా తప్పించుకోను?"

కోత అనుకున్నదాంట్లో సగమే పడింది. మట్టి పని ఆగలేదు, విత్తనాలకి చల్లదనం ఆగలేదు. పురుగుల గది ఆగింది. బాబాయ్‌ని సామాన్ల స్టోరుకి మార్చారు. చివరి విడత గుడ్లు దూదిలో పెట్టి ఆ ఊరు పంపించి, అరలన్నీ కడిగి, తాళం తీసుకెళ్లి అప్పగించాడు. సాయానికి ఎవరూ రాలేదు. ఆయన ఏం రాశాడో ఎవరికీ తెలియదు, ఆయనా చెప్పలేదు.

తొలి ఆదివారం తెల్లారకుండానే లేచి, తయారై, చెప్పులేసుకున్నాక గానీ గుర్తురాలేదు. అలాగే మంచం అంచున కూర్చుండిపోయాడు. పదింటికి అక్కకి ఫోన్ చేస్తే, "ఏమైందిరా, ఒంట్లో బాలేదా?" అని ఆవిడ హడలిపోయింది.

రెండ్రోజులకి ఆ ఊరి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఈమధ్యే చేరిందట, అక్కడ పురుగుల్ని చూసేది ఇప్పుడు ఆమేనట. "సార్, మీ గుడ్లలో సగం పిల్లలు కాలేదు. తేమ ఎంత పెట్టేవారు?"

"మీటరుని నమ్మకమ్మా. మూల తడి గోనె వేలాడదీసి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూడు." గంటసేపు చెప్పాడు. నెల్లాళ్లలో ఆయన గొంతు అంతసేపు పలకడం అదే మొదటిసారి.

కొన్నాళ్లు ఆమె రోజూ చేసింది, తర్వాత వారానికోసారి. పని చేతికొచ్చేసింది మరి. ఆఖరిసారి, "అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి సార్, ఇంక మిమ్మల్ని విసిగించను" అంది సంతోషంగా.

"విసుగేముందమ్మా..." అన్నాడు బాబాయ్.

ఆమె అప్పటికే ఫోన్ పెట్టేసింది.