పరష్కేవ్ తాత మోకాళ్ళు

"వాడి మెడ చూడు మ్లాదెన్. నిన్నటికన్నా ఎక్కువ వాలిపోతోంది కదూ?"

"నిద్రపోతున్నాడు నెవెనా. నిద్రపోయేవాడి మెడ వాలక నిక్కి నిలబడుతుందా?"

"ఏడుపు కూడా నీరసంగా ఉంటోంది."

"ఇప్పుడు ఏడవట్లేదుగా!"

"అదే నా భయం."

మ్లాదెన్ ఇంకేదో అనబోయేలోపు వీధి తలుపు బయట నుంచి "క్షమించండి!" అని వినిపించింది. పిల్లవాడు ఉలిక్కిపడి లేచి, ఊరంతా వినిపించేలా కేరుమన్నాడు. "అయ్యో, లేపేశానా? క్షమించు నాయనా, క్షమించు!" అని తలుపు మళ్ళీ అంది.

తలుపు తట్టకముందే తప్పు ఒప్పుకునే మనిషి ఆ కొండకింది ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆయనే పరష్కేవ్ తాత. పదిమందీ నమస్కారం పెట్టే చోట ఆయన క్షమాపణ పెడతాడు. తుమ్మితే క్షమించమంటాడు. ఎదుటివాడు తుమ్మినా క్షమించమంటాడు, గాలి తన వైపు నుంచి వీచిందేమోనని.

ఆయన బస్సు నడిపిన రోజుల్లో ప్రతి గుంతకీ వెనక్కి తిరిగి ప్రయాణికులకి క్షమాపణ చెప్పేవాడు. వెనక్కి తిరిగినందువల్ల బస్సు ఇంకో గుంతలో పడేది. దానికి మళ్ళీ తిరిగేవాడు. ఆ బస్సెక్కి దిగినవాళ్ళకి నడుములు మిగల్లేదు గానీ, ఆయన మీద కోపం కూడా మిగల్లేదు. కోప్పడటానికి ఓపికుంటే కదా.

పాపాలు ఒప్పుకోవడానికి ఆయన చర్చిలో నిలబడితే వెనకవాళ్ళు ఇంటికెళ్ళి వంట చేసుకుని వచ్చేవారు. "వడగళ్ళ వాన నీ పాపం ఎలా అవుతుందయ్యా పరష్కేవ్?" అని పాదిరిగారు ఒకసారి తల పట్టుకున్నారు. "వాన నాది కాదు గురువుగారూ. అది పక్కవాడి తోటలో పడి నా తోటలో పడనందుకు సంతోషించాను చూడండి, అది నాది," అన్నాడు తాత. పాదిరిగారు దీవించి పంపేశారు. ఆయనకీ ఒక తోట ఉంది మరి.

రొట్టెల కొట్టావిడ అయితే ఆయన్ని దూరం నుంచి చూడగానే చేతులెత్తేస్తుంది. "ముందే క్షమించేశాను తాతా, నోరు విప్పకు!"

"దేనికో తెలియకుండా ఎలా క్షమిస్తావమ్మా? మొన్న నీ రొట్టె మాడిందని మనసులో అనుకున్నాను."

"నా రొట్టె మాడిందా? ఎక్కడ మాడింది? ఎవరన్నారు?"

ఆ తగువు మధ్యాహ్నం దాకా సాగింది.

ఇవాళ ఆయనకి పెద్ద పండగ. ఈస్టరు ఉపవాసాల ముందు వచ్చే క్షమాపణల ఆదివారం. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, చెయ్యి ముద్దుపెట్టుకుని "క్షమించండి" అనాలి. పెద్దవాళ్ళు "దేవుడు క్షమిస్తాడు" అనాలి. అక్కడే నెవెనాకి ముల్లు గుచ్చుకుంది.

ఎదురింట్లో ఉండే ఆమె అత్తగారు జ్‌ద్రావ్కా, చలికాలంలో ఒకరోజు పిల్లవాడి పాలపీకకి తేనె రాసి నోట్లో పెట్టింది. నెవెనా నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తుంది. సూక్ష్మజీవుల సంగతి ఆమెకి తెలుసు. ఏడాది నిండని పిల్లలకి తేనె వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. అరుదే, కానీ రావచ్చు. ఆ మాట ఆమె నెమ్మదిగా చెప్పలేదు. వీధిలో నిలబడి, "నా బిడ్డకి విషం పెట్టారు!" అని అరిచింది. జ్‌ద్రావ్కా చేతులు గౌనుకి తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

ప్రమాదపు గడువు దాటిపోయిందని డాక్టరు చెప్పినా నెవెనాకి నిద్ర లేదు. కళ్ళు మూస్తే పిల్లవాడి మెడే. తెల్లారితే సెలవు అయిపోతుంది, పనిలో చేరాలి. పిల్లవాణ్ణి నమ్మి అప్పగించగల మనిషి ఊరు మొత్తంలో ఒక్కర్తే ఉంది. ఆవిడ ఎదురింట్లోనే ఉంది. ఆవిడతోనే మాటల్లేవు.

"ఒక్కమాట అనేసి రావచ్చుగా," అన్నాడు మ్లాదెన్ నీరసంగా. ఇటు పెళ్ళానికీ అటు తల్లికీ మధ్య తిరిగి తిరిగి అతనూ అరిగిపోయాడు.

"తేనె పెట్టింది నేనా?"

"నువ్వు కాదు."

"మరి?"

మ్లాదెన్ టోపీ పెట్టుకున్నాడు. సాయంత్రం వీధి చివర వేసే పండగ మంటకి కట్టెలు తేవాలంటూ గుట్ట దారి పట్టాడు. వెళ్తూ వెళ్తూ తాతని లోపలికి పంపాడు.

"పెద్దవాళ్ళ దగ్గరికి చిన్నవాళ్ళు వెళ్ళాలి కదా తాతా, నువ్వు రావడమేంటి?" అంది నెవెనా, పిల్లవాణ్ణి భుజాన జోకొడుతూ.

"నాకన్నా పెద్దవాళ్ళందరూ శ్మశానంలో ఉన్నారు తల్లీ. పొద్దునే వెళ్ళి అడిగొచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఊళ్ళో అందరికన్నా చిన్నవాడి నుంచి మొదలుపెడదామని వచ్చాను."

నెవెనాకి నవ్వొచ్చింది, కానీ నవ్వడానికి ఓపిక చాల్లేదు. "నీకు విసుగు రాదా తాతా? చెయ్యని తప్పులకి కూడా..."

"ఏం చెయ్యను? ప్రభువు అలా ఇరికించాడు. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక, ఎవరికైనా నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళమన్నాడు. నాకు వాళ్ళ మీద కోపం ఉంటే వెళ్ళమని అనుంటే ఎంత హాయి! నా కోపాలు నాకు తెలుసు, నాలుగిళ్ళు తిరిగితే అయిపోయేది. ఎవరికి నా మీద ఏముందో నాకేం తెలుసు? అందుకే ఊరంతా తిరగాల్సొస్తోంది."

నెవెనా జోకొట్టడం ఆపింది. "ఆవిడకి నా మీద ఏముంటుంది? తప్పు ఆవిడది. అది సైన్సు తాతా."

"నిజమే తల్లీ. తేనె విషయంలో నువ్వు చెప్పిందే నిజం," అన్నాడు తాత. పిల్లవాణ్ణి ఉయ్యాలలో పడుకోబెట్టించి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వాడి బుల్లి పాదం కళ్ళకద్దుకుని "క్షమించు నాయనా" అన్నాడు. వాడు ఆయన మీసం పట్టుకు లాగాడు.

"అబ్బా!"

"మీసమా?"

"మోకాళ్ళు. పట్టేశాయి. క్షమించు తల్లీ."

నెవెనా ఒక చెయ్యి పట్టుకుని లాగింది. ధాన్యం బస్తా కదిలినంతైనా కదల్లేదు.

"రెండోవైపు ఇంకో మనిషి కావాలి," అన్నాడు తాత. "ఎదురింట్లో... వద్దులే. ఇలాగే ఉంటాను. ఈస్టరు ఎంతలో వస్తుంది."

నెవెనా కిటికీ దగ్గరికి వెళ్ళింది. రెక్క మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసింది. తర్వాత తెరిచి, "అత్తయ్యా!" అని పిలిచింది.

ఆ పిలుపు పూర్తి కాకముందే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఒక కాలికే చెప్పుతో, చేతుల నిండా పిండితో జ్‌ద్రావ్కా పరిగెత్తుకొచ్చింది. "బాబుకేమైంది? ఊపిరాడుతోందా? మెడ నిలుస్తోందా?"

"బాబుకి కాదు అత్తయ్యా, తాతకి."

"ఓస్, ఈయనకా!" అని గుమ్మం పట్టుకుని జారగిలబడింది జ్‌ద్రావ్కా. కళ్ళ కింద నిద్రలేని నల్లచారలు. నెవెనా ఆ ముఖంకేసి చూస్తూ ఉండిపోయింది. రోజూ అద్దంలో తనకి కనిపించే ముఖమే అది.

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు.

"ఎత్తు అమ్మాయ్! నీ వైపు ఒరిగిపోతున్నాడు."

"మీ వైపే అత్తయ్యా!"

"క్షమించండి," అన్నాడు తాత.

"నోర్మూసుకో పరష్కేవ్!"

"నువ్వు ఊరుకో తాతా!"

చాలారోజుల తర్వాత అత్తాకోడళ్ళు ఏకమైన మొదటి విషయం అదే. తాత కుర్చీలో పడ్డాడు. పడి, గోడ మీది గడియారాన్ని ఎన్నడూ చూడనట్టు చూడసాగాడు.

"అత్తయ్యా," అంది నెవెనా. "వీధిలో అరిచాను. విషమన్నాను. క్షమించండి."

"దేవుడు క్షమిస్తాడు," అంది జ్‌ద్రావ్కా ఆనవాయితీ ప్రకారం. తర్వాత ఆనవాయితీలో లేని మాట కూడా అంది. "నాకు తెలీదే అమ్మాయ్. మ్లాదెన్‌కీ అలాగే పెట్టాను. తెలిసినప్పటి నుంచి ఈ కిటికీకేసే చూస్తూ కూర్చున్నాను. వాడికి ఏమన్నా అయ్యుంటే..."

"ఏమీ కాలేదు అత్తయ్యా. ఏడాది నిండాక పెడుదురు గాని."

"ఏడాదీ వద్దు, ఏమీ వద్దు. వాడికి పెళ్ళయ్యాక వాడి పెళ్ళాం పెట్టుకుంటుంది. ఇలా ఇవ్వు వాణ్ణి."

పిల్లవాడు చేతులు మారాడు. వాడి మెడ ఎలా ఉందో చూద్దామని కుర్చీలో కూర్చున్న నెవెనా, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

లేచేసరికి పొద్దు వాలింది. నెవెనా వీధి చివర రాతి అరుగు దాకా వెళ్ళి కూర్చుంది. అక్కడ మంట మండుతోంది. అత్తగారు పిల్లవాణ్ణి శాలువాలో చుట్టుకుని, పక్కనున్నవాళ్ళకి సూక్ష్మజీవుల గురించి ఉపన్యాసం ఇస్తోంది. ఏడాది ఆరోగ్యంగా ఉండాలని కుర్రాళ్ళు ఒక్కొక్కరే మంట దూకుతున్నారు. వాళ్ళ వెనక, కోటు ఎగ్గట్టి, మేకపోతులా పరిగెత్తుకొచ్చి, మంట మీంచి ఒక మనిషి ఎగిరి దూకాడు.

పరష్కేవ్ తాత!

దూకి, ఒక్క ఉదుటున నిటారుగా నిలబడి, ప్యాంటు దులుపుకుంటూ ఇటు తిరిగి నెవెనాని చూశాడు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి తాతా?"

తాత జీవితంలో మొదటిసారి క్షమించమనడం మర్చిపోయాడు. "నొప్పులు వస్తుంటాయి, పోతుంటాయి," అని గొణిగాడు.

"మా ఇంట్లోనే ఎందుకొచ్చాయి?"

తాత ఆమె పక్కన రాతి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అప్పుడు చెప్పిన మాటని నెవెనా ఈనాటికీ పాటిస్తోంది. మ్లాదెన్‌తో మాట పెరిగినప్పుడూ, ప్రయోగశాలలో న్యాయం తన వైపే ఉన్నప్పుడు మరీ ముఖ్యంగానూ.

"తప్పెవరిదో తేలేదాకా ఆగకు తల్లీ," అన్నాడు తాత ఆవలిస్తూ. "ముందు నువ్వే వెళ్ళు. ముందు వెళ్ళినవాళ్ళకే ముందు నిద్ర పడుతుంది."