ఆర్లిస్ ట్వేట్ ఎంచుకున్న నిప్పు

అమెరికాలోని మోంటానా ఉత్తరాన గోధుమ పొలాల మధ్య ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపిన ఆర్లిస్ ట్వేట్‌కి డెబ్బై మూడో ఏట ఒక దిగులు పట్టుకుంది. జూన్‌లో గురి పోటీ ఉంది, ఆవిడ రైఫిల్ గుళ్లేమో గురి కాగితం మీద నిలువుగా చెదురుతున్నాయి.

తన తూటాలు తనే తయారుచేసుకునే మనిషి ఆవిడ. భర్త ఆర్విన్ చేతులు వణకడం మొదలైన ఏడాది ఆ పని నేర్చుకుంది. ఆయన పోయాక కూడా మానలేదు. ఇత్తడి గుల్ల, దాని అడుగున కందిగింజంత ప్రైమర్, లోపల మందు, పైన గుండు. తుపాకీ సూది తగిలితే ప్రైమర్ భగ్గుమని మందును అంటిస్తుంది. అంతే కదా అనుకునేవాడు వెర్లిన్ హాగెన్.

వెర్లిన్ పక్క పొలం రైతు. చిన్నప్పుడు ఆవిడ బస్సులోనే బడికెళ్లాడు కాబట్టి, యాభై దాటినా ఆవిడ ముందు కుదురుగా కూర్చుంటాడు. నోరు మాత్రం ఊరుకోదు. మే నెలలో ఆరు వందల గజాల దూరాన ఆవిడ కాల్చిన పది గుళ్లూ చూసి నవ్వాడు. అవి పక్కలకు జరగలేదు గానీ పైకీ కిందికీ జానెడు సాగాయి.

"ఏంటమ్మా, నిచ్చెన వేశారా?"

"వేళాకోళం ఆపి, ఏం చెయ్యాలో చెప్పరా."

"మాగ్నమ్ ప్రైమర్ పెట్టండి. మంట ఎంత పెద్దదైతే అంత మంచిది."

"పోయినేడు పిస్టల్ ప్రైమర్లు తెచ్చి రైఫిల్ తూటాలకు పెట్టావు. వాటిది పల్చటి రేకు, చిల్లులు పడ్డాయి. అప్పుడు నా దగ్గరికేగా పరిగెత్తుకొచ్చింది? ఇప్పుడు నువ్వు నాకు చెప్తావా!"



తర్వాతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిడ అతన్ని బంగాళాదుంపలు దాచే నేలమాళిగలోకి దింపింది. బల్ల మీద మూడు డబ్బాల ప్రైమర్లు ఉన్నాయి. మందూ గుండూ లేని ఖాళీ గుల్లలకు వాటిని బిగించి పెట్టింది. గుల్లను బిగించి, సూదితో ప్రైమర్‌ను కొట్టడానికి ఆర్విన్ ఎప్పుడో చేసిన ఇనుప దిమ్మ ఉంది. ఇద్దరూ కళ్లద్దాలు, చెవులకు మూతలు పెట్టుకున్నారు. ఆవిడ తలుపు మూసింది. చీకటి కమ్ముకుంది.

మొదట మాగ్నమ్. టప్పుమని మూరెడు మంట లేచింది.

"చూశారా!" అని అరిచాడు వెర్లిన్.

రెండోది అందులో సగం కూడా లేదు. మూడోది రవ్వలు చిమ్ముతూ ఒక పక్కకు ఒరిగింది. నాలుగోది మళ్లీ మూరెడు. "మంట మారితే గుండు వేగం మారుతుంది. అదేరా నీ నిచ్చెన," అంది ఆవిడ. వెర్లిన్ నలభై ఏళ్లుగా తుపాకీ కాలుస్తున్నాడు గానీ, ఆ నిప్పు మొహం చూడటం ఇదే మొదలు.

నీలం డబ్బావి కాస్త మెరుగు. తర్వాత ఎర్ర డబ్బా తీసింది. మంట చిన్నది, గోధుమ కంకి అంత. రెండోదీ అంతే. మూడు, నాలుగు, ఐదు... ఒకే పొడవు, ఒకే రంగు, తిన్నగా లేచి మాయమవుతోంది. పన్నెండు కాల్చేసరికి తను ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు వెర్లిన్‌కి తెలిసింది. పొద్దున ప్రార్థనలో కూడా అతని మనసు అంత నిశ్చలంగా లేదు.

"ఎవరు చేస్తారమ్మా వీటిని?" అన్నాడు మెల్లగా.

"ఎవరో ఆడవాళ్లట. పేలకుండా మందు తడిపి, చేత్తో రుద్ది పలక మీది చిన్న గుంటల్లో నింపుతారట. ఆర్విన్ చెప్పేవాడు." ఆవిడ గొంతు కూడా తగ్గింది. "ఆ చేతులు ఎలాంటివో చూడరా!"

జూన్ పోటీకి ఎర్ర డబ్బా ప్రైమర్లే పెట్టింది. పది గుళ్లూ కాల్చాక లెక్క చూసే ఆయనతో పాటు వెర్లిన్ గురి దగ్గరికి వెళ్లాడు. రంధ్రాల మీద తన కాఫీ కప్పు మూత పెట్టి చూశాడు. పదీ దాని కింద దాక్కున్నాయి. ఆయన రెండుసార్లు కొలిచాడు. వెర్లిన్ తన టోపీ తీసేశాడు, ఎందుకో తనకే తెలియదు.

పావు అంగుళం తేడాతో ఆవిడకు రెండో స్థానం వచ్చింది. పక్క రాష్ట్రం వయోమింగ్ నుంచి వచ్చి గెలిచిన మనిషి ఆవిడ గురి కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

"ఏ ప్రైమర్ అమ్మా?"

"ఎర్ర డబ్బాది. అది నా తుపాకీకి నచ్చింది బాబూ. మీదాన్ని మీరే అడిగి చూసుకోవాలి."

ఆయన సరేనని తలూపాడు. అయినా పెన్ను తీసి, అరచేతిలో "ఎర్ర డబ్బా" అని రాసుకున్నాడు.